టెర్మినల్ నుంచే స్క్రీన్‌షాట్: లినక్స్‌లో స్క్రాట్, గ్రిమ్

కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ బటన్ ఉండగా టెర్మినల్ దాకా ఎందుకంటారా? మెనూ తెరిచి ఉన్నప్పుడు బొమ్మ తీయాలన్నా, అరగంటకోసారి దానంతటదే తీస్తూ పోవాలన్నా, పక్క గదిలోని మెషీన్ తెర మీద ఏముందో చూడాలన్నా ఆ బటన్‌తో పని జరగదు.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, పెద్దవి కావాల్సిన చోట చెబుతాం.

ముందు మీ డెస్క్‌టాప్ ఎక్స్11 మీద నడుస్తోందా, వేల్యాండ్ మీదా (తెర మీద కిటికీలను చూపించే రెండు వేర్వేరు వ్యవస్థలివి) అన్నది తేల్చుకోండి.

ఎకో $ఎక్స్‌డీజీ_సెషన్_టైప్

డాలర్ గుర్తు తర్వాతదంతా పెద్ద అక్షరాలు. ఇది చూడకుండా నెట్‌లో దొరికిన కమాండ్ కొట్టి, నల్లటి బొమ్మ వచ్చిందని తల పట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఎక్స్11 అయితే స్క్రాట్ అనే ప్రోగ్రామ్ చాలు. స్పెల్లింగ్ ఎస్-సి-ఆర్-ఓ-టి. ఉబుంటు, డెబియన్‌లలో ఇలా ఎక్కించుకోవచ్చు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్క్రాట్

ఉత్తినే స్క్రాట్ అని కొడితే తెర మొత్తం పడుతుంది. ఫైలు మీరున్న ఫోల్డర్‌లోనే, తేదీ, రిజల్యూషన్ కలిసిన పేరుతో చేరుతుంది. మెనూ బొమ్మ కావాలంటే:

స్క్రాట్ -డి 5 -సి

5 సెకన్లు ఆగి తీస్తుంది, -సి పెడితే ఎన్ని సెకన్లు మిగిలాయో లెక్కపెడుతుంది. ఆలోగా మెనూ తెరిచి పెట్టుకోవాలి. -యు ఇస్తే ఆ క్షణాన వాడుతున్న కిటికీ ఒక్కటే వస్తుంది. కానీ ఆలస్యం పెట్టకపోతే ఆ కిటికీ మీ టెర్మినలే! -ఎస్ ఇస్తే మౌస్‌తో గీసినంత మేర పడుతుంది, వద్దనుకుంటే ఎస్కేప్ నొక్కండి.

ఈ -ఎస్‌ను ఐ3 లాంటి విండో మేనేజర్‌లో (తెర మీద కిటికీలను సర్దే ప్రోగ్రామ్) ఏదైనా కీకి కడితే ఒక్కోసారి ఏమీ జరగదు. మీరు నొక్కిన కీ ఇంకా విండో మేనేజర్ పట్టులోనే ఉంటుంది కాబట్టి స్క్రాట్‌కు కీబోర్డు చిక్కదు. ముందు స్లీప్ 0.2 పెట్టి, రెండు యాండ్ గుర్తుల తర్వాత స్క్రాట్ రాస్తే సరిపోతుంది.

అక్షరాలున్న తెరకు పీఎన్‌జీయే వాడండి. జేపీజీ నాణ్యత మామూలుగా 75గా ఉంటుంది, గుణింతాల అంచుల్లో మరకలు పడతాయి.

అరగంటకోసారి తీయించే పని క్రాన్‌ది, అంటే చెప్పిన వేళకు కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌ది. ఎక్కువగా బెడిసికొట్టేదీ ఇక్కడే. క్రాన్‌కు మీ తెర ఏదో తెలియదు, అందుకే అది నడిపిన స్క్రాట్ డిస్‌ప్లే తెరవలేకపోయానని చేతులెత్తేస్తుంది. డెస్క్‌టాప్‌లోని టెర్మినల్‌లో $డిస్‌ప్లే, $ఎక్స్‌అథారిటీ (రెండూ పెద్ద అక్షరాలే) ఏం చూపిస్తున్నాయో ఎకోతో చూసి, ఆ విలువలను క్రాన్‌ట్యాబ్ (క్రాన్ చేయాల్సిన పనుల జాబితా) మొదట్లో రాయండి. ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా) ఇంకో మెషీన్ లోపలికి వెళ్లి తీసేటప్పుడూ ఈ విలువలు ఇవ్వడమే మందు.

రెండో చిక్కు శాతం గుర్తు. ఫైలు పేరులో తేదీ కోసం '%డి-%ఎం' అని రాస్తాం కదా, క్రాన్‌ట్యాబ్‌లో శాతం గుర్తు అంటే కొత్త లైను. కమాండ్ అక్కడితో తెగిపోతుంది. ప్రతి శాతం గుర్తు ముందూ బ్యాక్‌స్లాష్ పెట్టాలి. అన్నట్టు చిన్న ఎం నెల, పెద్ద ఎం నిమిషం. తారుమారు చేస్తే నిమిషాల చోట నెల అంకె కూర్చుంటుంది.

వేల్యాండ్ సంగతి వేరు. అక్కడ ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని కిటికీలోకి తొంగిచూడలేదు. భద్రత కోసం అలా కట్టారు, స్క్రాట్‌కు నలుపు తప్ప ఏమీ కనిపించకపోవడానికి అదే కారణం. స్వే అనే వేల్యాండ్ విండో మేనేజర్ వాడేవాళ్లకు గ్రిమ్, స్లర్ప్ జోడీ ఉంది:

గ్రిమ్ -జి "$(స్లర్ప్)" తెర.పీఎన్‌జీ

స్లర్ప్ మీరు గీసిన చోటు కొలతలు ఇస్తుంది, గ్రిమ్ అంతమేరే తీస్తుంది. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో మాత్రం గ్రిమ్ నడవదు, దానికి కావలసిన ప్రోటోకాల్ అక్కడ లేదు. అక్కడ గ్నోమ్-స్క్రీన్‌షాట్ ఎక్కించుకుని -ఎఫ్ తర్వాత ఫైలు పేరివ్వండి. కేడీఈ డెస్క్‌టాప్‌లో అయితే:

స్పెక్టకల్ -బి -ఎన్ -ఎఫ్ -ఓ తెర.పీఎన్‌జీ

-బి వల్ల దాని సొంత కిటికీ తెరుచుకోదు, -ఎన్ వల్ల నోటిఫికేషన్ రాదు.

బొమ్మను నేరుగా క్లిప్‌బోర్డుకు పంపాలంటే ఎక్స్11లో ఎక్స్‌క్లిప్ ఉంది:

ఎక్స్‌క్లిప్ -సెలెక్షన్ క్లిప్‌బోర్డ్ -టి ఇమేజ్/పీఎన్‌జీ -ఐ తెర.పీఎన్‌జీ

ఆ -టి భాగం మరిస్తే బొమ్మను టెక్స్ట్ అనుకుంటుంది, చాట్‌లో పేస్ట్ చేస్తే బొమ్మ రాదు. వేల్యాండ్‌లోని డబ్ల్యూఎల్-కాపీ ఫైలు రకాన్ని తనే గుర్తుపడుతుంది.