కొత్త బ్లేడ్లు కొనే ముందు అద్దం చూడండి

తొలకరి పడిన మర్నాడు మా కౌంటర్ దగ్గర ఒకటే మాట: "అక్కా, వైపర్ బ్లేడ్లు ఇవ్వండి, పాతవి పోయాయి." విజయవాడ ఆటోనగర్‌లో ముందు నా స్పేర్ పార్ట్స్ కొట్టు, వెనక షెడ్డులో మా తమ్ముడి ఎలక్ట్రికల్ పని. బ్లేడ్లు అమ్ముకుంటేనే నాకు నాలుగు డబ్బులు. అయినా చెబుతున్నాను, అలా వచ్చేవాళ్లలో చాలామందికి బ్లేడు అక్కర్లేదు. కొత్తది వేసుకెళ్లి, రెండు రోజులకే "ఇది కూడా గీతలు పెడుతోంది, డూప్లికేటు ఇచ్చావా" అని నా మీదకి వస్తారు. అందుకే బ్లేడు చేతికివ్వకముందే అడుగుతాను, అద్దం మీద మరక ఎలా పడుతోందని. సమాధానాన్ని బట్టి జబ్బు అద్దానిదా, రబ్బరుదా, బ్లేడుని పట్టుకుని తిప్పే ఆర్మ్‌దా, లోపలి మోటరుదా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. మీరు కూడా ఇదే వరసలో చూసుకుంటూ రండి. ఖర్చు లేనిది ముందు, ఖర్చున్నది చివర.

ఒక మగ్గు నీళ్లు

కారు నీడలో పెట్టి, ముందద్దం మీద పైనుంచి ఒక మగ్గు నీళ్లు పోయండి. నీళ్లు పల్చటి పొరలా పరుచుకుని దిగిపోతే అద్దం శుభ్రంగా ఉన్నట్టే. ఒకచోట పరుచుకుని, పక్కనే చుక్కలుగా నిలబడితే పైన జిడ్డు ఉంది. అద్దానికి నీళ్లు నిలవని కోటింగ్ వేయించుకున్నవాళ్లకి మాత్రం అంతటా సమానంగా చుక్కలే కడతాయి, అది చూసి కంగారు పడకండి. ఆ కోటింగ్ సగం అరిగిన అద్దం మీద మంచి బ్లేడు కూడా గడగడలాడుతుంది. అలాంటప్పుడు దాన్ని పూర్తిగా తీసేయించడమో, మళ్లీ వేయించడమో చేయాలి.

జిడ్డు ఎక్కడిదంటే, లారీల వెనక వెళ్లినప్పుడు పట్టే పొగ, వాటర్ వాష్‌లో బాడీకి పట్టించిన వ్యాక్స్ అద్దం మీదకి రావడం, చెట్టు కింద పార్కింగ్‌లో కారే జిగురు. వర్షాలు మొదలైన కొత్తలో రాత్రిపూట హైవే ఎక్కితే ఉసిళ్లు సరేసరి. వాటి కొవ్వు మీద వైపర్ తిప్పారా, అద్దమంతా తెల్లగా పులిమేసి ఎదుటి బండి లైటు తప్ప ఇంకేమీ కనపడదు. ఉసిళ్లు పడితే వైపర్ ముట్టుకోకుండా ఏ పెట్రోల్ బంకులోనో ఆగి సబ్బునీళ్లతో కడుక్కోవడమే మేలు.

మా ఊళ్లో ఇంకొకటి ఉంది. ఇంద్రకీలాద్రి దగ్గర కొత్త బండికి పూజ చేయిస్తారు. అద్దం మీద పసుపు, కుంకుమ బొట్లు, వైపర్‌కి కట్టిన దండ. బొట్టు ఎండి గట్టిపడ్డాక పొడి అద్దం మీద వైపర్ తిప్పితే దాని రేణువులు రబ్బరు అంచుకి పట్టుకుంటాయి. దండ వాడిపోయి పడిపోయినా దారం మాత్రం బ్లేడు కింద ఉండిపోతుంది. బొట్లు బోనెట్ మీద పెట్టమనండి, అమ్మవారు ఏమీ అనుకోదు.

శుభ్రం చేయడం తేలికే. అంట్లు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు నీళ్లలో కలిపి, మెత్తటి గుడ్డతో అద్దమంతా రుద్ది కడగండి. ఆరాక మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ శుభ్రమైన నూలుగుడ్డ మీద పోసుకుని ఇంకోసారి తుడవండి. బోరు నీళ్లు ఆరి మిగిల్చిన తెల్లటి మచ్చలు సబ్బుకి పోవు. వెనిగర్‌లో తడిపిన గుడ్డ కాసేపు మచ్చ మీద అద్ది ఉంచి, ఆ తర్వాత బాగా కడిగేయండి. పెయింటు మీదకి కారనివ్వొద్దు. మళ్లీ మగ్గు నీళ్లు పోసి చూడండి. ఇప్పుడు పొరలా జారితే సగం మంది పని ఇక్కడితో అయిపోయినట్టే.

ఎంత తుడిచినా రాత్రిపూట మసకగానే ఉందంటే, లోపలివైపు అద్దం మీద వేలితో ఒక గీత గీయండి. డ్యాష్‌బోర్డుకి కొట్టే పాలిష్ ఎండకి ఆవిరై లోపల పొరకడుతుంది. గీత కనపడిందంటే వైపర్‌ని తిట్టడం అనవసరం.

రబ్బరు సంగతి

అద్దం బాగుండి కూడా సన్నటి గీతలు పడుతుంటే, బ్లేడు ఎత్తి తడిగుడ్డని రెండు వేళ్ల మధ్య పెట్టి రబ్బరు అంచుని ఈ చివర్నుంచి ఆ చివరకి తుడవండి. మొదటిసారి గుడ్డ నల్లగా అవుతుంది, భయపడకండి. రెండు మూడుసార్లకి తగ్గుతుంది. తర్వాత గోటితో అంచు తడమండి. గంటు తగిలినా, చీలిక కనపడినా, వంచితే వెంటనే వెనక్కి రాకుండా గట్టిగా ఉన్నా ఆ రబ్బరు అయిపోయింది. గీత ఎప్పుడూ ఒకే చోట పడుతోందంటే, ఆ గీత పొడవునా బ్లేడు మీద వెతకండి, గంటు అక్కడే ఉంటుంది.

కిర్రుమంటోందని రబ్బరుకి కొబ్బరినూనె రాసేవాళ్లు, గట్టిపడిందని ఎమరీ పేపరుతో గీకేవాళ్లు, పెట్రోలుతో తుడిచేవాళ్లు కనీసం వారానికొకరు తగులుతారు. నూనె అద్దానికి అంటి వానలో చూపు పోగొడుతుంది. పెట్రోలుకి రబ్బరు ఉబ్బుతుంది. ఎమరీ పేపరు అంచు మీది నల్లటి పూతని, దాంతోపాటు ఆ పదునుని తీసేస్తుంది. తడిగుడ్డ చాలు.

ఇక గడగడలాడటం. ఇది ఒకవైపు వెళ్లేటప్పుడేనా, రెండువైపులా వస్తుందా అన్నది పట్టి చూడాలి. సున్నం వేసే కుంచె ఎటు లాగితే వెంట్రుకలు దానికి వెనక్కి వంగుతాయి కదా, రబ్బరు అంచు కూడా అంతే. ప్రతి మలుపులోనూ అది ఇటునుంచి అటు తిరగబడాలి. రెండువైపులా గడగడలాడితే రబ్బరు గట్టిపడింది, లేదా అద్దం మీద జిడ్డుంది. ఒక్కవైపే అయితే రబ్బరు తిరగబడటం లేదు, అంటే ఆర్మ్ మెలిక పడింది. కారు తుడిచే కుర్రాళ్లు ఆర్మ్ పట్టుకుని ఎత్తేటప్పుడు ఇలా జరుగుతుంటుంది. ఇలాంటి బండికి నేను ఎన్ని కొత్త బ్లేడ్లు అమ్మినా గడగడ తగ్గదు. బ్లేడు తీసి, అద్దం మీద మందపాటి తువ్వాలు పరిచి, ఆర్మ్‌ని నెమ్మదిగా దించి పక్కనుంచి చూడండి. దాని చివర అద్దానికి సమాంతరంగా ఉండాలి. కొంచెం వంకర ఉంటే మా తమ్ముడు రెండు ప్లయర్లతో పట్టుకుని వెంట్రుకవాసి తిప్పి సరిచేస్తాడు. ఇంట్లో ధైర్యం చేయకపోతేనే మంచిది.

తువ్వాలు మాట మర్చిపోవద్దు. బ్లేడు లేని ఆర్మ్ చేయి జారి స్ప్రింగు విసురుకి అద్దం మీద పడితే, వందల్లో పోయేది వేలల్లోకి వెళుతుంది.

నడిమధ్యలోనో చివర్లోనో ఒక పట్టీ మొత్తం తుడవకుండా వదిలేస్తుంటే అక్కడ నొక్కుడు చాలడం లేదు. పాతరకం ఫ్రేము బ్లేడైతే కీళ్లు దుమ్ముపట్టి బిగుసుకున్నాయేమో చూడండి. ఫ్రేము లేని ఫ్లాట్ బ్లేడైతే దాని వంపు మీ అద్దం వంపుకి సరిపోయి ఉండదు. చూడటానికి స్టైలుగా ఉందని అందరికీ ఫ్లాట్ బ్లేడే కావాలి, కానీ బాగా వంపున్న అద్దం మీద చవకరకం ఫ్లాట్ బ్లేడు చివర్లు లేచే ఉంటాయి. డబ్బులిచ్చే ముందే అద్దం మీద ఆనించి చూడండి, ఏ కొట్టువాడూ కాదనడు.

కొనేటప్పుడు పాత బ్లేడు పొడవు టేపుతో అంగుళాల్లో కొలుచుకోండి. డ్రైవరు వైపుది, పక్కసీటు వైపుది చాలా కార్లలో ఒకటే సైజు కాదు. పొడుగ్గా ఉంటే ఇంకా ఎక్కువ తుడుస్తుందని ఒక సైజు పెద్దది అడుగుతారు. అది పక్క బ్లేడుకో, అద్దం అంచు బీడింగుకో కొట్టుకుంటుంది. ఆర్మ్ చివర కొక్కెంలా ఉందా, మీట నొక్కే రకమా అన్నది ఫోన్లో ఫొటో తీసుకొస్తే నాకూ మీకూ టైము కలిసొస్తుంది. ఫ్రేము బాగుంటే రబ్బరు ఒక్కటే మార్చుకోవచ్చు, చాలా తక్కువలో అయిపోతుంది. ఇంకో మాట, బ్లేడ్లు మార్చిలో కొనకండి. మా బెజవాడ ఎండలకి మే నెలాఖరుకే అవి ఉడికిపోతాయి. జూన్ మొదట్లో కొనుక్కుంటే అక్టోబరు, నవంబరు తుఫాన్లకి కూడా పనికొస్తాయి. ఎండలో వైపర్లు ఎత్తిపెట్టడం నాకైతే నచ్చదు. గాలికి పడ్డా, ఎవరైనా తగిలినా అద్దానికి దెబ్బ. కారు మీద ఒక గుడ్డ కప్పండి.

అసలు కదలకపోతే

ఇక్కడినుంచి మా తమ్ముడి లోకం. "కొట్లో మగాళ్లెవరూ లేరా?" అని అడిగేవాళ్లు కూడా ఈ దశలోనే వస్తారు. 1903లో అద్దం తుడిచే యంత్రానికి అమెరికాలో పేటెంటు తీసుకున్నది మేరీ ఆండర్సన్ అనే ఆవిడ అని చెప్పి, తాళం చెవి తీసుకుంటాను.

ఇగ్నిషన్ ఆన్ చేసి, వైపర్ స్విచ్చి వేసి, చెవి పెట్టి వినండి. ఏ చప్పుడూ లేకపోతే ముందు ఫ్యూజు. ఫ్యూజు బాక్సు మూత లోపల ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. కాలిపోతే సరిగ్గా అదే ఆంపియర్ల ఫ్యూజు వేయండి. వేయగానే మళ్లీ కాలిందంటే ఎక్కడో పట్టేసింది, లేదా షార్టయింది. పెద్ద ఫ్యూజు పెట్టడం, రాగితీగ చుట్టడం చేశారంటే ఈసారి కాలేది వైరింగు.

మోటరు తిరుగుతున్న చప్పుడు వస్తూ ఆర్మ్ కదలకపోతే అది మంచి వార్తే. ఆర్మ్ మొదట్లో ప్లాస్టిక్ మూత ఉంటుంది, తీస్తే నట్టు కనిపిస్తుంది. అది వదులైతే లోపలి ఇరుసు తిరుగుతుంది గానీ ఆర్మ్ నిలబడిపోతుంది. బిగించే ముందు స్విచ్చి ఒకసారి వేసి ఆపండి, మోటరు తన మామూలు చోటికి వచ్చి ఆగుతుంది. అప్పుడు ఆర్మ్ తీసి, పళ్లున్న చోట వైరు బ్రష్‌తో తుప్పు దులిపి, ఆగాల్సిన చోట పెట్టి పానాతో బిగించండి. ఆర్మ్ ఊడి రాకపోతే సుత్తితో కొట్టొద్దు, దాన్ని పైకి లాగే పుల్లర్ అనే పనిముట్టు వాడాలి. పళ్లు అరిగిపోయి ఉంటే ఆర్మ్ మార్చక తప్పదు. నట్టు బిగువుగానే ఉండి ఒక ఆర్మ్ తిరుగుతూ రెండోది ఆగిపోతే అద్దం కింద లింకేజీలో, అంటే మోటరు తిప్పుడుని రెండు ఆర్మ్‌లకీ చేర్చే కడ్డీల్లో, బాలు జాయింటు అనే కీలు ఊడింది. అక్కడ చేయి పెట్టే ముందు తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ విప్పేయండి. వేలు మధ్యలో ఉండగా మోటరు తిరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నెమ్మదిగా, ఆయాసపడుతూ తిరుగుతుంటే మోటరు కన్నా ముందు ఆ లింకేజీనే అనుమానించండి. నిద్రగన్నేరు చెట్ల కింద పెట్టే కార్లలో ఆకులు, పూలు అద్దం కింది జాలీలో చేరి నీళ్లు పోయే దారి మూసేస్తాయి. నీళ్లు నిలిచి ఇరుసులు తుప్పు పడతాయి. జాలీ శుభ్రం చేసి, ఇరుసులకి గ్రీజు పెడితే చాలా మోటర్లు బతుకుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్ వైపునుంచి వచ్చిన కార్ల సంగతి వేరు. మోటరులోకే బురద పోయింది, వాటిని మార్చడం తప్ప దారి లేకపోయింది.

ఆపినప్పుడు వైపర్ అద్దం మధ్యలోనే నిలబడిపోతే, జబ్బు దాన్ని మామూలు చోటికి తెచ్చి ఆపే పార్కింగ్ స్విచ్చిది, అది మోటరు లోపలే ఉంటుంది. ఆపినా ఆగకుండా తిరుగుతుంటే ఆ స్విచ్చి, లేకుంటే మోటరుకి కరెంటు కలిపి తెంపే రిలే. విడిచి విడిచి తిరిగే స్పీడు ఒక్కటే పోతే రిలే మీదే అనుమానం. కొత్త కార్లలో ఈ పనంతా కంప్యూటరు చేస్తుంది, స్కానరు పెట్టించకుండా పార్టులు మార్చుకుంటూ పోవద్దు. వాన పడితే తనంతట తాను తిరిగే వైపర్ ఉన్న కారులో అద్దం మార్పించాక పిచ్చిగా తిరుగుతుంటే, వానని పసిగట్టే సెన్సారుని అద్దం వెనక అంటించే జెల్ ప్యాడ్‌లో గాలిబుడగలు ఉండొచ్చు. వాటర్ వాష్‌కి ఇచ్చేటప్పుడు వైపర్ స్విచ్చిని 'ఆటో' నుంచి ఆఫ్‌కి మార్చేయండి.

ఫిట్‌నెస్‌కి వెళ్లే టాక్సీవాళ్లు వైపర్ గురించి ముందు రోజు పరిగెత్తుకొస్తారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వైపర్‌కని విడిగా 101వ నియమమే ఉంది మరి. వానలో, దారిలో వైపర్ ఆగిపోతే మాత్రం తల బయటపెట్టి నడపొద్దు. రోడ్డు దిగి, టోల్ ప్లాజా దగ్గరో బంకులోనో ఆగండి. లారీవాళ్లు అద్దం మీద పొగాకు రుద్దుతారు, నీళ్లు పొరలా జారి కాసేపు కనిపిస్తుంది. అది బంకుదాకా చేరడానికే, ఊరు చేరడానికి కాదు.

నీళ్లు చిమ్మకపోతే

మీట లాగినప్పుడు పంపు చప్పుడొచ్చి నీళ్లు రాకపోతే నీళ్లు చిమ్మే నాజిల్ మూసుకుపోయింది, లేదా గొట్టం ఊడింది, లేదా ఎలక కొరికింది. నాజిల్‌ని సన్నటి కుట్టుసూదితో మెల్లగా పొడవండి. బోనెట్ కింద గొట్టం తీసి మీట లాగిస్తే నీళ్లు ఎంతవరకు వస్తున్నాయో తెలుస్తుంది. చప్పుడే లేకపోతే ఫ్యూజు, తర్వాత పంపు. ట్యాంకులో బోరు నీళ్లు, బట్టల సర్ఫు పోయడమే ఈ రోగానికి మూలం. ఆర్ఓ నీళ్లలో వాషర్ లిక్విడ్ కలిపి పోయండి.

వెనక అద్దం వైపర్ ఉన్న కార్లలో నీళ్లు రాకపోవడంతోపాటు డిక్కీ తడుస్తుంటే, డోరుకీ పైకప్పుకీ మధ్య ఉండే రబ్బరు తొడుగు విప్పి చూడండి. డోరు తీసినప్పుడల్లా మడతపడే గొట్టం తెగేది అక్కడే. పక్కనే లైటు వైర్లు ఉంటాయి, అవి కూడా తెగాయేమో అప్పుడే చూసేసుకోండి.