వానాకాలంలో కుళాయి నీళ్లు: పంచాయతీ చేయాల్సిన పని

ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాక మెడికల్ క్యాంపు పెట్టించడం కన్నా ముందే నీళ్లు కాపాడుకోవడం మేలు. అది పూర్తిగా పంచాయతీ చేతిలో ఉన్న పని.

తొలకరికి ముందే ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ చేసి అడుగున పేరుకున్న మడ్డి తీయించండి. పది లీటర్ల నీళ్లకు 10 గ్రాముల బ్లీచింగ్ కలిపి గోడలు రుద్దించి, అరగంట ఆగి కడిగించండి. లోపల ఘాటు పట్టేస్తుంది. మూత తెరిచే ఉంచాలి, పైన ఇంకో మనిషి కనిపెట్టుకుని ఉండాలి.

రోజూ వేసే మోతాదు వెయ్యి లీటర్లకు 4 గ్రాములు. 40 వేల లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. వరద నీరు చేరినా, కేసులు మొదలైనా రెట్టింపు చేయండి. పౌడర్‌లో పాతిక శాతం క్లోరిన్ ఉందనుకుని వేసిన లెక్క ఇది. పంపు గదిలో చెమ్మ నేల మీద మూతి విప్పి పడేసిన బస్తాలో అంత మిగలదు. కాబట్టి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములో, ఎండ తగలని చోట దాచండి.

పొడిని నేరుగా ట్యాంకులో పోయకండి. ప్లాస్టిక్ బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు నింపి, పది నిమిషాలు తేరనిచ్చి పైతేట మాత్రమే పోయాలి. అడుగున దిగిన సున్నం ట్యాంకులోకి వెళ్తే వాల్వులు పట్టేస్తాయి. ట్యాంకు నిండుతుండగా పోస్తే బాగా కలుస్తుంది. నిండాక అరగంట ఆగి గేటు వాల్వు తిప్పాలి. చాలాచోట్ల ఈ అరగంటే ఎగిరిపోతోంది.

అసలు పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, చివరి వీధిలోని చివరి కుళాయి దగ్గర. అక్కడ క్లోరోస్కోపులో (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో పోల్చి చూసే పరికరం) లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కనిపించాలి. కేసులున్నప్పుడు 0.5 ఉండాలి. క్లోరిన్ ఉంటే నీటికి పసుపు రంగు తెప్పించే ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసిన పది సెకన్లలోపే రంగు పోల్చాలి. ఆలస్యమైతే లెక్క ఎక్కువ చూపిస్తుంది. క్లోరిన్ ట్యాంకులో ఉండి చివరి కుళాయిలో లేదంటే మధ్యలో లీకేజీ ఉన్నట్టు అనుమానించండి. సరఫరా ఆగిన వేళ ఖాళీ పైపు చుట్టుపక్కల నీటిని లోపలికి లాగేస్తుంది. మురుగుకాలువలో నుంచి వెళ్లే పైపులు, నీళ్లు అందక గుంత తవ్వి పెట్టుకున్న కుళాయిలు ముందు చూడాల్సినవి. గుంతల కుళాయిలను పైకి లేపించడానికి ఇళ్లవాళ్లు ఒప్పుకోరు. పీడనం సరిచేసి అప్పుడు అడగండి.

వాటర్‌మన్ రాసే క్లోరిన్ రిజిస్టరునూ, ఆశా కార్యకర్త దగ్గరున్న విరేచనాల వివరాలనూ కార్యదర్శి ప్రతి సాయంత్రం పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే వీధిలో ఒకే రోజు రెండు కేసులు వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఏఎన్ఎంకు ఫోన్ చేసి, ఆ లైన్ కట్టేసి, ట్యాంకరుతో క్లోరిన్ కలిపిన నీళ్లు పంపండి. ఇంటింటికీ ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఆశాతోనే అందించవచ్చు.