మూలన పడిన పాత జీపును ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం ఎలా?

పాత జీపు కొన్నవాళ్లలో చాలామంది మొదటి వారమే బాడీ ఊడదీస్తారు. రెండో వారం ఏ రంగు వేయాలా అని ఆలోచిస్తారు. ఆరు నెలలకు ఛాసిస్ ఒక మూల, ఇంజన్ ఒక మూల, బోల్టులన్నీ కలగాపులగంగా ఒక బకెట్లో ఉంటాయి. చివరికి అంతా పాత ఇనుము కింద తూకానికి పోతుంది. అందుకే నా సలహా వేరు: జీపు ముందు ఆగాలి, తరువాత కదలాలి. మెరవడం సంగతి ఆఖరున చూసుకోవచ్చు. ఒక విభాగం ముగిశాకే ఇంకోదాని మీద చేయి వేయండి. అన్నాళ్లూ బండి వీలైనంతవరకు తన చక్రాల మీదే ఉండాలి.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా మహీంద్రా సీజే-3బి గురించి. ఎత్తైన బానెట్ ఉన్న పెట్రోలు జీపు అది. అందులోని 2.2 లీటర్ల హరికేన్ ఇంజన్‌లో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులోనూ, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులోనూ ఉంటాయి. దాంతో ఇంజన్ ఎత్తు పెరిగింది, దానికోసం బానెట్‌నూ ఎత్తాల్సి వచ్చింది. అమెరికాలో ఈ నమూనా తయారీ 1968లో ఆగిపోయినా, మన దగ్గర ఆ తరువాత కూడా చాలా ఏళ్లు సాగింది. ఎంఎం 540 లాంటి డీజిల్ జీపులకు ఇంజన్ పని మారుతుంది కానీ, వరుస ఇదే.

1. డబ్బు ఇచ్చే ముందు కాగితాలు

ఛాసిస్ మీద కొట్టిన నంబరును వైరు బ్రష్‌తో రుద్ది చదవండి. ఇంజన్ నంబరునూ అలాగే చదివి రెంటినీ ఆర్‌సీతో సరిచూడండి. పెట్రోలు ఖర్చు భరించలేక ఒకప్పుడు డీజిల్ ఇంజన్ పెట్టించుకున్నవారు ఎందరో ఉన్నారు. ఆ మార్పు ఆర్‌సీలోకి ఎక్కకపోతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద చిక్కు కొత్త యజమానికే. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తరువాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

ప్రభుత్వ కార్యాలయాల జీపులంటే ఆశపడేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు 2023 ఏప్రిల్ 1 నుంచి తుక్కుకే పోవాలి. కాబట్టి “వేలంలో పాడాను, కాగితాలు తరువాత వస్తాయి” అన్నవాడి దగ్గర బేరం ఆడకండి. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి 2021 నాటి వింటేజ్ నిబంధనల కింద ‘వీఏ’ వరుసలో ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే ఆ బండిని రోజూ తిప్పుకోవడానికి వీలుండదు.

2. సుత్తితో ఛాసిస్ పరీక్ష

బండిని జాకీతో ఎత్తాక తప్పకుండా స్టాండ్ల మీద నిలపండి. ఇటుకల మీద నిలిపి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం, ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఎడమ చక్రాలు విప్పేటప్పుడు స్టడ్డు కొస చూడండి. అక్కడ ‘ఎల్’ అక్షరం ఉంటే మర తలకిందులుగా ఉన్నట్టు, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే నట్టు ఊడుతుంది. ఈ సంగతి తెలియక పానాకు పైపు తగిలించి, స్టడ్డు విరిగేదాకా వేలాడేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, లోపల తుప్పు తిన్నచోట మొద్దుగా చప్పుడవుతుంది. అనుమానం వస్తే స్క్రూడ్రైవరు మొనతో పొడవండి, దిగితే ఆ ముక్క కోసి కొత్తది వేయాల్సిందే. కమాను పట్టీలు తగిలించే బ్రాకెట్లు, వెనక అడ్డ దూలం, బాడీ కూర్చునే చోట్లు ముఖ్యంగా చూడాలి. కాకినాడ, విశాఖ లాంటి సముద్ర తీరాల్లో తిరిగిన బండికి తుప్పు భయం ఎక్కువ. తెలంగాణ ఎండల్లో నిలబడిన బండికి రేకు బాగానే ఉంటుంది కానీ రబ్బరన్నది మిగలదు. ఏది ఎంచుకోమంటే నేను రెండోదే అంటాను: రబ్బరు కొనుక్కోవచ్చు.

ఛాసిస్ వెల్డింగు ఇంట్లో వద్దు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు టేపుతో రెండు వైపులా కొలిచి చూడండి. కొలతలు కలవకపోతే ఛాసిస్ వంకర పోయినట్టు, అది వర్క్‌షాపు పని.

3. బ్రేకులు

ఇంజన్ మోగకముందే ఇవి పూర్తవాలి. డ్రమ్ము తీయగానే కనిపించే నల్లటి దుమ్మును నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయండి.

ఏళ్ల తరబడి నిలబడిన జీపులో వీల్ సిలిండర్ల (ఒక్కో చక్రం దగ్గర బ్రేకును నొక్కేవి) పిస్టన్లు బిగుసుకుపోయి ఉంటాయి. సిలిండరు లోపల వేలుపెట్టి చూడండి. గోరుకు గుంటలు తగిలితే కొత్త సిలిండరే వేయాలి, సాన పట్టించి సరిపెట్టుకోవద్దు. రబ్బరు కప్పులను బ్రేకు ఆయిల్‌తోనే కడగాలి. కిరోసిన్, పెట్రోలు తగిలితే అవి ఉబ్బిపోతాయి. అప్పుడు బ్రేకు పట్టుకుని వదలదు, రెండ్రోజులయ్యాక అసలు పట్టదు. ఉక్కు గొట్టాలు పైకి నున్నగా ఉన్నా లోపల తుప్పు పడతాయి కాబట్టి అన్నీ మార్చండి. ఈ జీపుకు ఉన్నది ఒకే సర్క్యూట్, ఒకచోట కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది.

చివర బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేది) అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. పెడల్ రాయిలా గట్టిగా నిలిచేదాకా ఈ పని వదలకండి.

4. ఇంజన్‌ను నెమ్మదిగా లేపడం

ఆత్రంగా బ్యాటరీ పెట్టి స్టార్టరు తిప్పితే బిగుసుకున్న పిస్టన్ రింగులు విరుగుతాయి. ముందు నాలుగు ప్లగ్గులూ తీయండి. ఇంజన్ ఆయిల్, డీజిల్ సగం సగం కలిపి ఒక్కో రంధ్రంలో రెండు మూడు చెంచాలు పోసి, రెండు రోజులు వదిలేయండి. తరువాత గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పండి. పట్టుకునేటప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ల వైపే ఉండాలి. హ్యాండిల్‌ను పైకి లాగాలి, కిందికి తొక్కకూడదు. ప్లగ్గులు లేనప్పుడు ఇంజన్ ఎదురు తన్నదు కానీ ఈ అలవాటు ఇప్పుడే పడాలి. తరువాత ఎదురు తన్నితే విరిగేది మణికట్టు.

కదలకపోతే మళ్లీ నూనె పోసి ఆగండి. కదిలితే పాత ఆయిల్ దించండి. అది పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే. కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గులు పెట్టకుండానే, ఆయిల్ గేజి ముల్లు కదిలేదాకా స్టార్టరుతో తిప్పండి. ఆ తరువాత కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి) గేజితో చూడండి. ఒక సిలిండరులో బాగా తక్కువ వస్తే అందులో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో. ఎగ్జాస్ట్ వాల్వుల సందు ఇంజన్ పక్కనున్న మూత తీసి సరిచేయాలి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ వాల్వు సందు 0.018 అంగుళం, ఎగ్జాస్ట్ 0.016 అంగుళం. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల సందు 0.020, ప్లగ్గుల సందు 0.030. మంట వరుస (సిలిండర్లు ఒకదాని తరువాత ఒకటి మండే క్రమం) 1-3-4-2. ప్లగ్గు వైర్లు తారుమారైతే కార్బురేటరు దగ్గర టపాకాయలు పేలతాయి. కాబట్టి విప్పే ముందే ఫోనులో ఫొటో తీసుకోండి.

పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంది, దాన్ని పూర్తిగా దించేయాలి. ఖాళీ అయిన ట్యాంకులో ఆవిరి మిగిలే ఉంటుంది, దానికి వెల్డింగు చేయాలని చూడకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటరు వాషర్లు దానికి తట్టుకోవు. అవన్నీ ఇథనాల్‌కు పనికొచ్చేవే వేయండి. గాలి గొట్టాల్లోనూ, బ్రీదర్లలోనూ (లోపలి ఆవిరి బయటికి పోయే రంధ్రాలు) కందిరీగల మట్టిగూళ్లు ఉంటాయి, సన్నని తీగతో పొడిచి చూడండి.

5. ఫోర్‌వీల్, ఇరుసులు, స్టీరింగు

గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె), ఇరుసుల మధ్యనున్న రెండు డిఫరెన్షియళ్లు అన్నిట్లో పాత నూనె దించి కొత్తది పోయండి. లో గేరు లివరు పడటం లేదని ట్రాన్స్‌ఫర్ కేసు విప్పకండి. ముందు ఫోర్‌వీల్ లివరు పడితేనే అది పడుతుంది, దాని అమరికే అంత.

స్టీరింగు ఊగులాటకు స్టీరింగు బాక్సునే అనుమానిస్తారు. దానికన్నా మొదట, ముందువైపు అడ్డ దూలం మీదున్న బెల్ క్రాంకును (స్టీరింగు కదలికను చక్రాల కడ్డీలకు మళ్లించే కీలు), ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్నులను చూడండి. ఒకరు స్టీరింగును అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు కింద కూర్చుని, ఏ కీలు దగ్గర కదలిక వృథా అవుతోందో చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

సామాను విజయవాడ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ వెతకండి. పాత భాగం చేత్తో పట్టుకుని వెళ్లి, పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే డబ్బు తీయండి.

6. వైరింగు, రంగు

ఎలుకలు కొరికిన వైరింగుకు టేపు చుట్టడం కన్నా కొత్త తీగలు లాగడమే తక్కువ శ్రమ. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి ఇంజన్‌కు ఎర్త్ పట్టీలు గీకిన ఇనుము మీద బిగించండి.

రంగు మీ ఇష్టం. తుప్పు గీకిన రేకుకు అదే రోజు ప్రైమర్ పడాలి, వానాకాలంలో మాత్రం ఆ పని పెట్టుకోకండి. రేకు గుంటలను లప్పంతో పూడ్చి నున్నగా చేసిన జీపు కన్నా నాలుగు సొట్టలున్న జీపే నాకు నచ్చుతుంది.

7. మొదటి తిరుగుడు

ఖాళీ మైదానంలో మొదట బ్రేకు చూసుకుని, అయిదారు కిలోమీటర్లు నడిపి, నాలుగు డ్రమ్ములకూ చేయి దగ్గరగా పెట్టి చూడండి. ఒక్కటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకుంటోంది, లేదా బేరింగు ఎక్కువ బిగిసింది. ఫోర్‌వీల్‌ను మట్టిలో, ఇసుకలో మాత్రమే వేసి చూడండి. తారు రోడ్డు మీద వేస్తే ముందు వెనక ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడి లివరు బిగుసుకుంటుంది. 500 కిలోమీటర్లు దాటాక ఇంజన్ ఆయిల్ మార్చి, కమాను పట్టీల యూ బోల్టులు, చక్రాల నట్లు మరోసారి బిగించండి.