ఒరాకిల్ హెచ్‌ఆర్ టేబుల్స్‌లో ఒక మనిషికి ఎన్ని వరసలు?

కంపెనీలు వాడే ఒరాకిల్ ఇ-బిజినెస్ సూట్ అనే సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌ఆర్‌ఎంఎస్ (ఉద్యోగుల వివరాలు చూసే భాగం) పని కొత్తగా మీద పడితే చాలామంది ముందు టేబుల్స్ లిస్టు వెతికి బట్టీ పడతారు. అమీర్‌పేటలో నేర్చుకునే రోజుల్లో నేనూ అదే చేశాను, నోట్సు నిండా టేబుల్ పేర్లే, ఒరిగింది మాత్రం ఏమీ లేదు. రోజూ చేతికి తగిలేవి నాలుగైదే. వాటిలో తేదీలు ఎలా నడుస్తాయో పట్టుకోండి చాలు.

మొదటిది పర్_ఆల్_పీపుల్_ఎఫ్. పేరు, పుట్టిన తేదీ, ఎంప్లాయీ నంబరు లాంటి సొంత వివరాలు ఇందులో ఉంటాయి. రెండోది పర్_ఆల్_అసైన్‌మెంట్స్_ఎఫ్. ఆ మనిషి ఏ డిపార్ట్‌మెంటు, ఏ జాబ్, ఏ గ్రేడు, పైన మేనేజర్ ఎవరు అన్నది ఇక్కడ. రెండిటినీ పర్సన్ ఐడీతో కలపండి, ఎంప్లాయీ నంబరుతో వద్దు, ఎందుకంటే బిజినెస్ గ్రూపు (ఒరాకిల్‌లో ఉద్యోగుల డేటాని వేరు చేసే పై స్థాయి విభాగం) మారితే అదే నంబరు ఇంకొకరికి ఉండొచ్చు.

ఇప్పుడు పేరు చివరి ఆ ఎఫ్ సంగతి. అది ఉందంటే ఆ టేబుల్‌లో పాత చరిత్ర కూడా ఉంటుందని అర్థం. పద్మ అనే అమ్మాయి 2019 జూన్ 3న చేరిందనుకోండి, 2022 ఏప్రిల్ 1న గ్రేడు మారింది. అసైన్‌మెంట్స్‌లో ఆమెకి రెండు వరసలు (రోలు): ఒకటి 2019 జూన్ 3 నుంచి 2022 మార్చి 31 దాకా, రెండోది 2022 ఏప్రిల్ 1 నుంచి 4712 డిసెంబర్ 31 దాకా. అప్పటిదాకా ఉద్యోగం చేయిస్తారా అని భయపడకండి, ఇంకా ముగియలేదు అని చెప్పడానికి ఒరాకిల్ పెట్టుకున్న తేదీ అది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకుంటే పీపుల్ టేబుల్‌లో కూడా రెండు వరసలవుతాయి. తేదీ కండిషన్ పెట్టకుండా ఈ రెండు టేబుల్స్ కలిపితే ఒక్క పద్మ నలుగురు పద్మలై కూర్చుంటుంది. నా మొదటి హెడ్‌కౌంట్ (ఎంతమంది ఉన్నారనే లెక్క) రిపోర్టు అలాగే పోయింది, మీటింగ్‌లో అందరి ముందూ.

కాబట్టి రెండు టేబుల్స్‌కీ, మళ్ళీ చెప్తున్నా రెండిటికీ, ఈరోజు తేదీ ఆ వరస మొదలైన తేదీకీ, ముగింపు తేదీకీ మధ్య ఉండాలని రాయండి. ఈరోజు తేదీ ఇచ్చే సిస్‌డేట్‌ని అలాగే వాడకుండా ట్రంక్ చేసి (టైము కత్తిరించి) వాడండి. సిస్‌డేట్‌లో గంటలు, నిమిషాలు కూడా ఉంటాయి, ముగింపు తేదీలో ఉండేది ఆ రోజు అర్ధరాత్రి సున్నా గంటలు. మార్చి 31 పొద్దున పదింటికి క్వెరీ (డేటా తీసే ఆదేశం) నడిపితే పాత వరస అయిపోయినట్టు, కొత్త వరస ఇంకా మొదలవనట్టు, పద్మ ఆ ఒక్కరోజు లిస్టులోనే ఉండదు. మర్నాడు మీరు చూసేసరికి అంతా బాగానే ఉంటుంది, ఎక్కడ తప్పు జరిగిందో వెతకలేక తల పట్టుకుంటారు.

స్క్రీన్ మీద మార్పు చేస్తే అప్‌డేటా కరెక్షనా అని అడుగుతుంది చూడండి, దాని ప్రభావం ఇక్కడే. అప్‌డేట్ అంటే పాత వరసని ముందురోజుతో మూసి కొత్తది తెరుస్తుంది. కరెక్షన్ ఉన్నదాని మీదే రాసేస్తుంది. ప్రమోషన్‌ని కరెక్షన్‌గా కొట్టారంటే పాత గ్రేడు ఆ వరసలోంచి పోయినట్టే.

మానేసినవాళ్ళ వరస కూడా పీపుల్ టేబుల్‌లోంచి పోదు, ఎక్స్ ఎంప్లాయీగా 4712 దాకా ఉంటుంది. ఎవరు ఎప్పుడు వెళ్ళారో పర్_పీరియడ్స్_ఆఫ్_సర్వీస్‌లో యాక్చువల్ టెర్మినేషన్ డేట్ చూడాలి. అక్కడ తేదీ ఉంది కదా అని లిస్టులోంచి తీసేయకండి, నోటీసులో ఉన్నవాళ్ళకి రాబోయే తేదీ ముందే పడి ఉండొచ్చు, వాళ్ళు ఇంకా మీ పక్క సీట్లోనే ఉంటారు. ఇక అసైన్‌మెంట్స్‌లో ఉద్యోగానికి అప్లై చేసినవాళ్ళు కూడా ఉంటారు, అందుకని అసైన్‌మెంట్ టైప్ ఇ (ఎంప్లాయీ), ప్రైమరీ ఫ్లాగ్ వై (ముఖ్య అసైన్‌మెంట్) అని ఫిల్టర్ పెట్టుకోండి.

జీతం పర్_పే_ప్రపోజల్స్‌లో ఉంటుంది, అసైన్‌మెంట్ ఐడీతో కలపాలి. అక్కడ కనిపించే అంకె నెలదా ఏడాదిదా అన్నది శాలరీ బేసిస్ మీద ఆధారపడుతుంది, అది పర్_పే_బేసెస్‌లో చూడకుండా ఎవరికీ ఎక్సెల్ పంపకండి.