ట్రాక్‌కూ రోడ్డుకూ ఒకే కారు: అలైన్‌మెంట్ మార్చే ముందు జాగ్రత్తలు

వారమంతా రోడ్డు మీద తిరిగే కారునే సెలవు రోజున రేసు ట్రాక్‌కు తీసుకెళ్లాలనుకునేవారు మొదట అడిగేది క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి వాలి ఉండే కోణం) ఎంత పెట్టాలని. నిజానికి టైర్లను తినేసేదీ, తడి రోడ్డు మీద బండిని అదుపు తప్పించేదీ చాలాసార్లు క్యాంబర్ కాదు, దాన్ని మార్చినప్పుడు చెప్పాపెట్టకుండా తనూ మారిపోయే టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం). కాబట్టి టో కొలిచే ఏర్పాటు లేనిదే క్యాంబర్ జోలికి వెళ్లకూడదు.

మలుపులో కారు బాడీ బయటికి ఒరిగినప్పుడు, ముఖ్యంగా మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి చక్రాన్ని నిలబెట్టే భాగం) ఉన్న కార్లలో, బయటి చక్రం కూడా దానితోపాటే వాలి, బరువంతా టైరు బయటి అంచు మీద పడుతుంది. దానికి విరుగుడుగానే చక్రం పైభాగాన్ని ముందుగానే లోపలికి వంచి నెగటివ్ క్యాంబర్ ఇస్తారు. రోజువారీ కార్లకు సాధారణంగా ఒక డిగ్రీ లోపే ఉండే ఈ వంపును ట్రాక్‌కు మాత్రమే వాడే కార్లలో మూడు డిగ్రీలు దాటించడం మామూలే. రెండు పనులకూ వాడే కారుకు ముందు చక్రాల దగ్గర రెండు డిగ్రీల సమీపంలో ఆగడం మేలని నా అభిప్రాయం. అంతకు మించితే రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసినప్పుడు టైరు పట్టు తగ్గుతుంది, గాడులు పడిన రోడ్డు మీద స్టీరింగ్ అటూ ఇటూ లాగుతుంది.

ఇక టో సంగతి. చక్రం తాను పోవలసిన దిశకు 0.1 డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నా, ప్రతి కిలోమీటరుకూ సుమారు 1.75 మీటర్ల మేర పక్కకు ఈడ్చుకుపోతున్నట్టే లెక్క. ట్రాక్ మీద గడిపే కొద్దిపాటి కిలోమీటర్లలో ఇది పెద్దగా తెలియదు కానీ, రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చే దూరం మీద టైరు లోపలి అంచును చెక్కేస్తుంది. అరచేతిని టైరు ట్రెడ్ మీద అడ్డంగా ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి నిమిరి చూస్తే, ఒక దిశలో నునుపుగానూ మరో దిశలో రంపపు పళ్లలాగానూ తగిలితే టో తప్పినట్టే. ముందు చక్రాలకు సున్నా, లేదా రెండూ కలిపి ఒక మిల్లీమీటరుకు మించని టో అవుట్ (ముందు అంచులు బయటికి తిరిగి ఉండడం) చాలు. వెనక చక్రాలకు స్వల్పంగా టో ఇన్ (ముందు అంచులు లోపలికి తిరిగి ఉండడం) తప్పనిసరి. అక్కడ టో అవుట్ ఉన్న కారులో వాన రోజున మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం ముందుకు తిరిగి రావడానికి క్షణం పట్టదు. క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం స్టీరింగ్‌తో తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం) గురించి ఆందోళన అక్కర్లేదు, అది కాస్త ఎక్కువైనా టైరు అరుగుదల మీద దాని ప్రభావం చాలా తక్కువ.

కొలతలకు ముందు బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివరలు, వీల్ బేరింగ్‌లలో వదులు ఉందేమో చూడాలి, ఎందుకంటే వదులైన జాయింట్ మీద తీసిన కొలత రోడ్డెక్కగానే మారిపోతుంది. కారు ఎత్తు తగ్గించే ఆలోచన ఉంటే ఆ పని ముందే ముగించి, రబ్బరు బుష్‌ల బోల్టులను కారు బరువు చక్రాల మీద ఉండగానే బిగించి, టైర్లలో సరైన గాలి నింపి, డ్రైవరు సీట్లో డ్రైవరంత బరువు పెట్టి, ఆ తరువాతే కొలవాలి.

స్ట్రట్‌ను చక్రానికి కలిపే చోట అసలు బోల్టుకు బదులు వేసి క్యాంబర్ మార్చే క్యాంబర్ బోల్టులు వాడేవారు మరింత అప్రమత్తంగా ఉండాలి. అవి అసలు బోల్టు కంటే సన్నగా ఉంటాయి కనుక, గుంతలో పడినా కెర్బ్ ఎక్కినా జారే అవకాశముంది. తయారీదారు చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, బోల్టు తల నుంచి స్ట్రట్ దాకా పెయింట్‌తో ఒక గీత గీస్తే, బోల్టు కదిలిందో లేదో చూడగానే తెలుస్తుంది. ఈ పద్ధతిలో టైరు పైభాగం స్ట్రట్‌కు దగ్గరవుతుంది కాబట్టి మధ్యలో ఎంత ఖాళీ మిగిలిందో కూడా చూసుకోవాలి.

స్ట్రట్ పై చివరను జరిపి క్యాంబర్ మార్చే క్యాంబర్ ప్లేట్లతో ట్రాక్‌కు ఒక స్థానం, ఇంటికి ఒక స్థానం పెట్టుకునేవారు రెండింటిలోనూ టోను విడివిడిగా కొలిచి రాసుకోవాలి. స్టీరింగ్ రాక్ (టై రాడ్‌లను అటూ ఇటూ నెట్టే అడ్డ కడ్డీ) చక్రాల ఇరుసుకు ముందుందా వెనకుందా అన్నదాన్ని బట్టి టో ఏ వైపు మారేదీ ఆధారపడుతుంది కనుక, వేరొకరి కారు లెక్క ఇక్కడ పనికిరాదు. చాలా కార్లలో టై రాడ్‌ను షడ్భుజపు ఒక ముఖం మేర తిప్పితే టో దాదాపు 0.1 డిగ్రీ మారుతుంది. రెండు వైపులా సమానంగా తిప్పకపోతే స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, టై రాడ్‌ను కదలకుండా పట్టే లాక్ నట్ బిగించడం మరిచిపోతే అంతకంటే పెద్ద ప్రమాదం. నన్నడిగితే, ప్రతిసారీ మార్చే శ్రమ కంటే మధ్యస్థమైన ఒకే అమరికను అలాగే ఉంచేయడమే సురక్షితం. లేన్ కెమెరా, స్టెబిలిటీ కంట్రోల్ వంటివి ఉన్న కారుకు అలైన్‌మెంట్ తరువాత సెన్సార్లను సరిచేయించాల్సి రావచ్చు.

ట్రాక్ మీద మొదటి విడత ముగియగానే వీల్ నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి. టైరు వేడెక్కి గాలి పీడనం పెరిగిందని కొంత తీసేసినవారు, ఇంటికి బయలుదేరే ముందు అది చల్లారనిచ్చి తిరిగి నింపాలి. ఆ సమయంలోనే స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, నిలబడి చూస్తే కనిపించని లోపలి అంచును వంగి చూడాలి. అక్కడ తీగ బయటపడి ఉంటే ఆ టైరు మీద ఇంటికి బయలుదేరకూడదు.