నీ గొంతు తప్ప ఇంకోటి వినపడట్లేదన్నారు, ఇలా సరిచేశా

బెంగళూరు మారతహళ్ళిలో మా రూమ్‌లో నేనూ మా ఫ్రెండూ శనివారం రాత్రుళ్ళు గేమ్స్ గురించి తెలుగులో పాడ్‌కాస్ట్ చేస్తుంటాం. మొన్న ఒకన్న మెసేజ్ పెట్టారు, "తమ్ముడూ, సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో వింటున్నా, నీ మాటకి చెవులు పగిలిపోతున్నాయి, ఇంకో తమ్ముడిది అసలు వినపడట్లేదు" అని. మనసు చివుక్కుమంది కానీ నేనూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బస్సెక్కి విన్నా, అక్షరాలా నిజం. ఉన్నది ఒకటే మైక్, నేను దానికి జానెడు దూరంలో, వాడేమో మంచం మీద గోడకి ఆనుకుని.

ఇప్పుడు చెరో మైక్, చెరో ట్రాక్. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకంటే లోతైన శబ్దాల్ని తగ్గించేది) పెడితే ఫ్యాన్ గుయ్యిమనేది చాలావరకు పోయింది. అసలు తప్పు ఎక్కడంటే నేను ఇన్నాళ్ళూ సౌండ్ లెవెల్ సరిచేయడానికి మామూలు నార్మలైజ్ వాడా, అది పీక్ (అన్నిటికంటే గట్టిగా ఉన్న చోటు) మాత్రమే చూస్తుంది, వాడు ఒక్కసారి పగలబడి నవ్వితే చాలు, మిగతా మాటలన్నీ కిందే ఉండిపోతాయి. లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వేరే, అది చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో లెక్కగడుతుంది. రెండు ట్రాక్‌లకీ విడివిడిగా అది చేసి, కలిపాక -16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (ఆ లౌడ్‌నెస్‌ని కొలిచే యూనిట్) తెచ్చా, యాపిల్ కూడా పాడ్‌కాస్ట్‌లకి అంతే పెట్టమంటుంది.

రిలీజ్‌కి ముందే రెండు నిమిషాల క్లిప్ ఆ అన్నకే పంపా. "బాగుంది, కానీ స అన్నప్పుడల్లా బుస కొడుతోంది" అన్నారు, మైక్‌ని నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి తిప్పా, అదీ తగ్గింది.