పట్టేసిన పాత కుట్టుమిషన్ని మళ్ళీ తిప్పడం ఎలా

పాత కుట్టుమిషను చక్రం తిరగడం లేదంటే అందరూ చెప్పే మాట ఒకటే, "అది పోయింది, ఇనుముకు వేసెయ్" అని. నమ్మకండి. ఇప్పటిదాకా నా చేతికొచ్చిన పదకొండు మిషన్లలో తొమ్మిది పట్టేసినవే. వాటిలో నిజంగా ఏదైనా విరిగింది ఒక్కదానికే, మిగతావన్నీ లోపలి నూనె ఎండి లక్కలా గట్టిపడి బిగుసుకున్నవి. మా అవ్వ మిషనుదీ అదే కథ. సారెలో వచ్చిన మిషనని దాన్ని ఎంతో అపురూపంగా చూసుకునేది, తలకు రాసుకునే కొబ్బరినూనే దానికీ పోసేది. ఆమె పోయాక అది చిత్తూరులో మా పెద్దమ్మ వాళ్ళింట్లో పదిహేనేళ్ళు ఇస్త్రీ బట్టలు పెట్టుకునే బల్లయింది. నేను తిరుపతికి తెచ్చుకునేసరికి చక్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ముందు కొనే సంగతి చెప్తా. పాత ఇనుప సామాన్ల అంగళ్ళు ఎలాగూ చూస్తారు, కానీ అంతకంటే మంచి చోటు టైలర్ అంగడి వెనక గది. కరెంటు మిషను కొన్నాక పాతదాన్ని అక్కడే మూలకు నెట్టి ఉంటారు. అయితే తిరుపతిలో గంగజాతరకు ముందో, పెళ్ళిళ్ళ సీజన్లోనో వెళ్ళకండి. బ్లౌజులు కుప్పగా పోసుకుని కూర్చున్న మనిషి మీతో బేరం ఆడడు, తిట్టకుండా పంపితే అదే ఎక్కువ.

కొనేటప్పుడు తుప్పు చూసి భయపడొద్దు, రంగు పోయిందనీ వదలొద్దు. చూడాల్సింది వేరే. సూది కింద ఉన్న జారుడు మూత తీసి బాబిన్ కేసు (కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే డబ్బీ), షటిల్ (పై దారాన్ని కింది దారంతో ముడివేసే భాగం) ఉన్నాయో లేవో చూడండి. తల భాగం ఎక్కడైనా చీలిందేమో, కాస్టింగ్ ఇనుము కాబట్టి గోరుతో గీస్తూ తడమండి, అది అతికేది కాదు. గుండ్రటి బాబిన్ నిలువుగా, ఎడమ పక్క నుంచి కూర్చునే రకం, అంటే సింగర్ కంపెనీ 15 నంబరు మోడల్ తరహా మిషనైతే ధైర్యంగా తీసుకోండి. మన ఉషా, మెరిట్, రీటాల్లో ఇళ్ళలో కనబడే నల్ల మిషన్లు ఎక్కువభాగం ఆ తరహావే, వాటి బాబిన్లు, కేసులు, స్ప్రింగులు టైలరింగ్ సామాన్ల అంగట్లో ఇప్పటికీ దొరుకుతాయి. తుపాకీ గుండు ఆకారంలో పొడుగాటి షటిల్ ఉండే సింగర్ 27, 28, 127, 128 చూడ్డానికి భలే ఉంటాయి, షటిల్ అటూ ఇటూ ఊగుతుంటే పిల్లలు కదలరు. కానీ ఆ షటిల్ లేకుండా అమ్ముతుంటే, ఎంత చవకైనా, మొదటి మిషనుగా మాత్రం వద్దు.

ఇంటికి తెచ్చాక చేయకూడని మొదటి పని, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని బలంగా తిప్పడం. ఫోన్లో నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి, విప్పే ప్రతి స్క్రూకీ ముందు ఇంకోటి. స్క్రూలను ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా వేసుకుంటే ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది (ఇంట్లో అడిగి తీసుకోండి, లేకపోతే ఆ గొడవ వేరే). గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. ఈ స్క్రూల మర మామూలు హార్డ్‌వేర్ అంగడి స్క్రూలతో కలవదు, తల చెడితే కొత్తది దొరకదు. నేను ఒకదాన్ని అలాగే పాడుచేసి, నగరిలో లేతు మీద చేయించుకోవాల్సి వచ్చింది.

సూది, బట్టను నొక్కిపట్టే పాదం, సూది కింది ప్లేటు తీసేయండి. బట్టను ముందుకు తోసే పళ్ళ మధ్య నూలు దుమ్ము కంబళిలా అట్టకట్టి ఉంటుంది, పాత టూత్‌బ్రష్, పళ్ళపుల్ల పట్టుకుని అదంతా లాగండి. తర్వాత షటిల్ తీసి దాని గాడిలో చూడండి, తెగిన దారం ముక్క ఒక్కటి ఇరుక్కున్నా చాలు, మొత్తం మిషను బిగుసుకుపోతుంది. చక్రం వెనకాల ఇరుసుకు చుట్టుకున్న దారం కూడా అంతే. సగం మంది మెకానిక్కులు డబ్బులు తీసుకునేది ఈ దారం లాగినందుకే అని నా అనుమానం.

ఇప్పుడు కిరసనాయిలు. దొరక్కపోతే డీజిల్ పనిచేస్తుంది, వాసన భరించాలంతే. పైన నూనె పోసే ప్రతి రంధ్రంలో, పక్క మూత తీస్తే కనబడే సూది కడ్డీ మీద, మిషన్ని వెనక్కి వాల్చి కింద ఇనుము ఇనుముకు రాసుకునే ప్రతి కీలు మీద రెండేసి చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున చక్రాన్ని అటు ఒక పిసరు, ఇటు ఒక పిసరు ఊపండి. కదల్లేదా, మళ్ళీ చుక్కలు, మళ్ళీ రాత్రి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఇరుసు దగ్గర వేడి చేస్తే ఎండిన నూనె మెత్తబడుతుంది, కానీ కిరసనాయిలు తుడిచి ఆరాకే, తడి మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అవ్వ మిషను ఆరు రోజులు సతాయించింది. ఏడో రోజు పొద్దున కాఫీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ఊరికే ఊపితే గిర్రున తిరిగింది, కాఫీ ఒలికింది.

కదిలాక ఆగిపోకండి. కిరసనాయిలు వేస్తూ తిప్పుతూ ఉంటే కీళ్ళలోంచి నల్లటి మడ్డి కారుతుంది, అది తెల్లగా అయ్యేదాకా తుడవండి. కిరసనాయిలు కడుగుతుంది గానీ జారుడునివ్వదు, కాబట్టి వెంటనే కుట్టుమిషను నూనె వేయాలి. నీళ్ళలా తెల్లగా ఉండే ఆ నూనె తప్ప ఇంకేదీ వద్దు. కొబ్బరినూనె, ఆముదం గాలి తగిలి కాలక్రమంలో జిగురైపోతాయి, బండి ఇంజనాయిలు మరీ చిక్కన.

చక్రం తిరుగుతోంది గానీ సూది కదలడం లేదా? చక్రం మధ్యలో ఉండే గుండ్రటి బిరడా వదులైందేమో చూడండి. అది బిగించినా అలాగే ఉంటే, దాని అంచున ఉన్న చిన్న స్క్రూ వదులుచేసి బిరడా విప్పండి, లోపల చెవులున్న వాషరు ఉంటుంది. లోపలి రెండు చెవులు మన వైపుకు చూస్తూ ఇరుసు గాడిలో కూర్చోవాలి. అప్పటికీ పట్టకపోతే దాన్ని సగం చుట్టు తిప్పి పెట్టండి, పట్టుకుంటుంది. దీనికోసం మిషన్ని అమ్మేసుకున్నవాళ్ళు ఉన్నారు.

పైన తుడిచే దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. కరోనా రోజుల్లో ఇంట్లో శానిటైజర్ డబ్బాలు మిగిలితే ఒక సాయంత్రం దాంతో నల్ల సింగర్ ఒకటి తుడిచా, దాని మీది బంగారు రంగు తీగల బొమ్మల్లో సగం గుడ్డకొచ్చేశాయి. ఆ బొమ్మల మీద ఉండే లక్క పూత స్పిరిట్‌కు కరుగుతుంది. థిన్నర్ ఇంకా ఘోరం, ఘాటైన సబ్బునీళ్ళూ వద్దు. మిషను నూనెలో ముంచిన దూదితో రుద్దకుండా అద్దుతూ తుడవడమే, అదీ ముందు కనబడని మూలలో ఒకసారి చూసుకుని. కొందరు మొత్తం గీకి కొత్త నల్లరంగు స్ప్రే కొట్టి "కొత్తదానిలా చేశా" అంటారు, నాకైతే కడుపు మండుతుంది.

కుట్టు సరిగ్గా పడేలా చేయడం చివరి పని. సూది పొడవునా ఉండే లోతు గాడి ఏ వైపుంటే దారం ఆ వైపు నుంచే ఎక్కాలి, దారం చివరి కొక్కెం ఏ పక్కనుందో చూస్తే తెలిసిపోతుంది. కింది వైపు దారం గుబుర్లు గుబుర్లుగా వస్తే అందరూ బాబిన్ స్క్రూ తిప్పుతారు, తప్పు పైన ఉంది. పై దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్ళల మధ్య దారం కూర్చోలేదన్నమాట. పాదం పైకెత్తి దారం ఎక్కించాలి, అప్పుడే బిళ్ళలు విడతాయి. వాటి మధ్య తుప్పు, దుమ్ము ఉంటే పలచటి గుడ్డ దూర్చి లాగండి. బాబిన్ కేసును దారంతో వేలాడదీస్తే తనంతట తాను జారకూడదు, చిన్నగా కుదిపితే కాస్త దిగాలి. అలా లేకపోతే స్క్రూ పావు చుట్టు, అంతకు మించి తిప్పకండి. తొక్కుడు మిషనైతే తోలు బెల్టు కొంచెం పొట్టిగానే కత్తిరించండి, వాడేకొద్దీ సాగుతుంది. చక్రం మన వైపుకే తిరగాలి, వెనక్కి తిరిగిందా దారం చిక్కుపడ్డట్టే.

రెండు మూడు మిషన్లయ్యాక సేకరణ పిచ్చి పడుతుంది, అప్పుడు సింగర్ మిషన్ మీది వరస నంబరు చదవడం నేర్చుకోండి. మిషను ఇనుప అడుగుపలక మీద, నిలువు స్తంభం పక్కన కొట్టి ఉంటుంది. అంకెలే ఉండి అక్షరం లేకపోతే 1900కు ముందుది. వై, లేదా ఇఎ అనే అక్షరాలుంటే స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది, అది 1885లో మొదలై 1980లో మూతపడింది. నంబరు చెప్పేది తయారీకి కేటాయించిన కాలం మాత్రమే, మీ తాత కొన్న సంవత్సరం కాదు. 1933లో వచ్చిన 221 చిన్న మిషను, 5 కిలోలే ఉంటుంది, నాకింతవరకు మన వైపు కనబడలేదు. మీకు కనబడితే బేరమాడకుండా తీసుకోండి.

ఇంట్లో దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు కప్పకండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు తేమ లోపలే ఉండిపోయి, మళ్ళీ తుప్పు మొదలు. పాత లుంగీ కప్పితే చాలు, పాదం కింద బట్టముక్క పెట్టి, నెలకోసారి ఒక చుక్క నూనె వేసి పది చుట్లు తిప్పండి.